డైవింగులో అత్యవసర గాలి: పోనీ సిలిండరా, చేతి సీసానా, ఆక్టోపస్ చాలా?

నీలిగవ్వ
అందరికీ నమస్కారం. నా డైవులు ఎక్కువగా 18 నుంచి 30 మీటర్ల మధ్య. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండరు, ఒక రెగ్యులేటర్ (సిలిండరు పీడనం తగ్గించి నోటికి గాలి ఇచ్చేది), దానికి మామూలు పసుపు ఆక్టోపస్ (పీల్చడానికి అదనంగా ఉండే రెండో నోటి భాగం). బడ్డీ (జతగా దిగే డైవరు) ప్రతిసారీ ఒకరే ఉండరు, కొందరితో పరిచయం పడవ మీదే. అందుకని నాకంటూ విడిగా కొంత గాలి ఉండాలనుకుంటున్నాను. ఇప్పటికి చూసినవి మూడు: చేతిలో పట్టే అర లీటరు సీసాలు, స్పేర్ ఎయిర్ (రెగ్యులేటర్ కలిసే వచ్చే చిన్న సీసా), 13 లేదా 19 క్యూబిక్ అడుగుల పోనీ సిలిండర్లు (విడి రెగ్యులేటర్‌తో వెంట తీసుకెళ్లే చిన్న రెండో సిలిండర్లు). చిన్నదైతే మోత తక్కువ, పెద్దదైతే గాలి ఎక్కువ అన్నంతవరకు తెలుసు. ఎక్కడ గీత గీసుకోవాలో చెప్పండి.

తెడ్డు
కొనేముందు ఒక మాట తేల్చుకోండి. మీ భయం దేని గురించి? గాలి అయిపోతుందనా, రెగ్యులేటర్ మొరాయిస్తుందనా, బడ్డీ కనబడకుండా పోతాడనా? మూడింటికీ మందు ఒకటి కాదు. హెచ్ వాల్వు (ఒకే సిలిండరుకు రెండు నోళ్లు ఉండే వాల్వు) పెట్టి రెండు ఫస్ట్ స్టేజ్‌లు (రెగ్యులేటర్‌లో సిలిండరుకు బిగించే భాగాలు) తగిలించారనుకోండి, ఒకటి చెడితే దాన్ని కట్టేసి రెండోదానితో పైకి రావచ్చు. కానీ సిలిండరే ఖాళీ అయితే రెండూ ఒకేసారి మూగబోతాయి. ఇక మీ ఒంటి మీది ఆక్టోపస్ ఉన్నది మీ కోసం కాదు, అవతలి మనిషి కోసం. మీకు పనికొచ్చే ఆక్టోపస్ బడ్డీ ఒంటి మీద ఉంటుంది. బడ్డీ పది మీటర్ల అవతల చేపల ఫొటోలు తీసుకుంటుంటే అది లేనట్టే.

లోతుకొలత
తెడ్డు గారి ప్రశ్నకు "గాలి అయిపోతే, బడ్డీ దగ్గర లేకపోతే" అనే జవాబు తీసుకుని లెక్క వేస్తాను. సీసా సైజు కాదు, లోతులో ఎన్ని లీటర్లు ఖర్చవుతాయన్నది చూడాలి.

ప్రశాంతంగా నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పీల్చే మనిషి కంగారులో 30 దాటిస్తాడు. అందుకే 30 పెట్టుకుందాం. నీటి మట్టం దగ్గర పీడనం 1 బార్, 30 మీటర్ల దగ్గర 4 బార్, అంటే గాలి నాలుగు రెట్లు ఖర్చవుతుంది.

సమస్య అర్థమై, రెగ్యులేటర్ మార్చుకుని, కదలడానికి ఒక నిమిషం: 1 × 4 × 30 = 120 లీటర్లు.
30 నుంచి 5 మీటర్లకు నిమిషానికి 9 మీటర్ల వేగంతో దాదాపు 2.8 నిమిషాలు, సగటు పీడనం 2.75 బార్: సుమారు 231 లీటర్లు.
5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ (ఒంట్లో కరిగిన నైట్రోజన్ కొంత పోవడానికి ఆగడం): 3 × 1.5 × 30 = 135.
చివరి 5 మీటర్లకు నిదానంగా ఒక నిమిషం: 37.

మొత్తం 523 లీటర్లు. ఇదే లెక్క 18 మీటర్ల నుంచి వేస్తే 349, 40 మీటర్ల నుంచి వేస్తే 701.

ఇప్పుడు సిలిండర్లు. 13 క్యూబిక్ అడుగులది నీటి కొలతలో సుమారు 1.9 లీటర్లు, 200 బార్ దగ్గర 380 లీటర్ల గాలి. 19ది సుమారు 2.7 లీటర్లు, 540. 30ది సుమారు 4.2, అంటే 840. 40ది 5.7, అంటే 1,140. కాబట్టి 18 మీటర్లకు 13ది బొటాబొటీగా సరిపోతుంది. 30 మీటర్లకు 19ది కాగితం మీద సరిపోతుంది గానీ మిగిలేది 17 లీటర్లే. 180 బార్ నింపుతో దిగితే 37 లీటర్లు తక్కువపడతాయి. మీ లోతులకు నేనైతే 30ది అంటాను.

బుడగరాయి
లోతుకొలత గారూ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు సేఫ్టీ స్టాప్ ఎవరు చేస్తారండీ? అది తీసేస్తే చిన్నదీ చాలుతుంది కదా.

లోతుకొలత
తీసేయొచ్చు. నో-డీకో హద్దులో (నేరుగా పైకి రాగలిగే హద్దులో) ఉన్న డైవులో సేఫ్టీ స్టాప్ ఆగాల్సిన ఆపు కాదు, ఆగితే మంచిదనే ఆపు. తీసేస్తే 30 మీటర్ల నుంచి నేరుగా పైకి 120 + 250 = 370 లీటర్లు, 13దాంట్లో 380 ఉన్నాయి. కానీ ఎంచుకునేటప్పుడే స్టాప్‌ను కొట్టేస్తే, ఆ మొదటి నిమిషం రెండు నిమిషాలైన రోజున కొట్టేయడానికి ఇంకేమీ మిగలదు. వల చుట్టుకుని ఒక నిమిషం ఆలస్యమైతే చాలు, 120 లీటర్లు పోయినట్టే.

ఇంకో సంగతి, సిలిండరులో ఉన్నదంతా నోటికి రాదు. పీడనం బాగా పడిపోయాక పీల్చడం బరువవుతుంది. చివరి 10 బార్‌ను లెక్కలోంచి తీసేయండి.

నీలిగవ్వ
మరి స్పేర్ ఎయిర్ సంగతి? తొడకు కట్టుకుంటే చాలు, వేరే రెగ్యులేటర్ కొనక్కర్లేదు అనిపించింది.

లోతుకొలత
అందులో పెద్దది 3 క్యూబిక్ అడుగులు, 85 లీటర్లు. 30 మీటర్ల దగ్గర అది 21 లీటర్ల కిందే లెక్క. కంగారు శ్వాసతో అక్కడే ఉంటే 42 సెకన్లు. ఒక్క క్షణం ఆగకుండా, నిమిషానికి 18 మీటర్ల దూకుడుతో పైకి వచ్చినా 125 లీటర్లు కావాలి. 10 మీటర్ల నుంచి మామూలు 9 మీటర్ల వేగంతో అయితే అర నిమిషం ఆలస్యంతో కలిపి 80 లీటర్లు, అంటే సరిగ్గా అక్కడిదాకే దాని పరిధి. చిన్నది 1.7 క్యూబిక్ అడుగులు, 48 లీటర్లు. దాని గురించి లెక్క అక్కర్లేదు.

బుడగరాయి
మరీ అంత తీసిపారేయకండి. హెలికాప్టర్ నీళ్లలో పడితే సిబ్బంది బయటపడటానికి ఇచ్చేవి ఇలాంటి చిన్న సీసాలే. వాల్వు, రెగ్యులేటర్ అన్నీ ఒకే ముక్కలో ఉంటాయి, గొట్టం ఉండదు, నోట్లో పెట్టుకుంటే గాలి వస్తుంది. ఖాళీ చేతుల కంటే నయం కాదా?

లోతుకొలత
హెలికాప్టర్ విషయంలో నిజమే, అక్కడ లోతు కొద్ది మీటర్లు, పని కొన్ని సెకన్లు. దాని కోసమే అయితే అది చక్కటి పరికరం. 30 మీటర్ల డైవరుకు "ఖాళీ చేతుల కంటే నయం" అన్న మాటలో చిక్కుంది. తొడకు ఏదో ఉందన్న ధీమాతో బడ్డీకి దూరం జరుగుతారు, గేజ్ చూడటం తగ్గిస్తారు. ఏమీ లేదని తెలిసినవాడు అలా జరగడు.

ఓరింగు శాస్త్రి
చేతి పంపుతో నింపే అర లీటరు సీసాల గురించి ఎవరూ ఎత్తలేదు. అర లీటరు × 200 బార్ = 100 లీటర్లు. "పది నిమిషాలు" అని రాసి ఉంటుంది. అది నీటి మట్టం దగ్గర, నిమిషానికి పది లీటర్లు పీల్చే మనిషికి. 10 మీటర్ల దగ్గర నిమిషానికి 20 లీటర్లు పీల్చితే రెండున్నర నిమిషాలు.

గాలి ఎంత అన్నది ఒకటైతే, ఎలాంటి గాలి అన్నది ఇంకోటి. డైవింగు కంప్రెసర్‌లో తేమను వేరుచేసే భాగం, ఆ తర్వాత ఉత్తేజిత బొగ్గు, తేమ పీల్చే పొర ఉంటాయి, పీల్చే గాలికి ఈఎన్ 12021 లాంటి ప్రమాణం ఉంది. చేతి పంపులో చాలాసార్లు ఒక పీచు ముక్క తప్ప ఏమీ ఉండదు. తేమ లోపలికి పోయి సిలిండరును లోపల్నుంచి తింటుంది. ఎయిర్‌గన్ నింపే చవక కంప్రెసర్లయితే నూనె ఆవిరి కూడా వస్తుంది. అదీ కాక ఈ సీసాలు కొనేవాళ్లలో చాలామంది శిక్షణ లేనివాళ్లు. నీటి కింద అధిక పీడనపు గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లడానికి 30 మీటర్లు అక్కర్లేదు, మీటరున్నర లోతు చాలు.

సుడిగాలి
నేను అడ్డంగా వాదిస్తాను. పోనీ కొనే డబ్బుతో ముందు గాలి లెక్క నేర్చుకోండి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్లు డైవింగు మరణాల మీద 2008లో వెలువరించిన విశ్లేషణలో, మొదట ఏది తప్పిందో తెలిసిన కేసుల్లో 41 శాతానికి కారణం గాలి చాలకపోవడమే. పరికరాల లోపం 15 శాతం. గాలి ఉన్నట్టుండి మాయం కాదు, గేజ్ చూడకపోతే అయిపోతుంది. చూడనివాడికి రెండో సిలిండరు ఇస్తే అదీ చూడడు.

లోతుకొలత గారి అంకెలనే తిప్పి చూడండి. 30 మీటర్ల నుంచి ఒక మనిషికి 523 లీటర్లంటే ఇద్దరికి 1,046. 11.1 లీటర్ల సిలిండరులో అది 94 బార్. అంటే "50 బార్‌తో పడవెక్కాలి" అన్న మాట పట్టుకుని 30 మీటర్ల దగ్గర 70 బార్‌తో తిరుగుతున్నవాడి దగ్గర బడ్డీకి ఇవ్వడానికి గాలి లేదు. 18 మీటర్ల దగ్గర 63 బార్. ఈ రెండు అంకెలు స్లేటు మీద రాసుకుని, అక్కడికి రాగానే పైకి తిరిగితే, ఇద్దరూ చేతికందే దూరంలో ఉంటే, పోనీతో పనే లేదు.

తెడ్డు
"ఇద్దరూ చేతికందే దూరంలో ఉంటే" అన్నచోటే కథంతా ఉంది సుడిగాలి గారూ. పడవ మీద పరిచయమైన బడ్డీ 94 బార్ దగ్గర పైకి తిరుగుతాడని మీరు పూచీ ఇవ్వగలరా? మీ లెక్క తప్పనను, అది మొదటి మెట్టు. పోనీ గాలిని మాత్రం డైవు ప్లానులో కలుపుకోకూడదు. "నా దగ్గర ఇంకో 840 లీటర్లున్నాయి, కాబట్టి ఇంకో ఐదు నిమిషాలు" అనుకున్న రోజున అది అత్యవసర గాలి కాదు, మామూలు గాలి.

సుడిగాలి
దానితో ఏకీభవిస్తాను. పోనీ ఉన్నా 94 దగ్గర పైకి తిరగాల్సిందే.

నీలిగవ్వ
30 క్యూబిక్ అడుగులది అనుకుంటున్నాను. వీపున ప్రధాన సిలిండరుకు కట్టాలా, పక్కన వేలాడదీయాలా? దానికి ఎలాంటి రెగ్యులేటర్?

కొక్కెం
పక్కన, ఎడమ వైపు. వీపున కడితే నాలుగు ఇబ్బందులు. వాల్వు చేతికి అందదు, గేజ్ కనబడదు, బరువంతా ఒక పక్కకు లాగి ఒళ్లు ఒరుగుతుంది, పడవలో సిలిండరు మార్చినప్పుడల్లా బిగింపు విప్పి కట్టాలి. లాభమల్లా ముందు భాగం ఖాళీగా ఉండటం.

పక్కన కట్టే పద్ధతి ఇది. మెడ దగ్గర తాడు ముడితో ఒక బోల్ట్ స్నాప్ (స్ప్రింగుతో మూసుకునే కొక్కెం), కింద ఒంటి భాగానికి స్టెయిన్‌లెస్ బిగింపు పట్టీ, దానికి తాడుతో ఇంకో స్నాప్. పై స్నాప్ ఎడమ భుజం డీ-రింగుకు (జాకెట్ పట్టీ మీది లోహపు వలయానికి), కింది స్నాప్ నడుము డీ-రింగుకు. తాడు పొడవు పెంచితే సిలిండరు కిందకు వేలాడి పగడాలకు తగులుతుంది, బాగా కురచ చేస్తే స్నాప్ తీయలేరు. రెండు వేళ్లు దూరేంత ఉంచండి. ఇనుపదాన్ని నేరుగా ఇనుపదానికి తగిలించకండి, మధ్యలో తాడు ఉంటే ఇరుక్కున్నప్పుడు కోసేయొచ్చు.

చిన్న అల్యూమినియం సిలిండర్లు నీళ్లలో దాదాపు తేలికే. 840 లీటర్ల గాలి బరువు కిలో, అంతా పీల్చేశాక ఆ కిలో తగ్గుతుంది. స్టీలుదైతే మునుగుతుంది, బెల్టులోంచి సీసం కొంత తీయాలి. తీసేముందు ఒక సంగతి: పోనీ లేకుండా దిగే రోజున ఆ సీసం తిరిగి పెట్టుకోవాలి. చాలామంది మరిచేది ఇదే.

ఓరింగు శాస్త్రి
రెగ్యులేటర్ ఖరీదైనది అక్కర్లేదు. మామూలు పిస్టన్ ఫస్ట్ స్టేజ్ చాలు, కదిలే భాగాలు తక్కువ. నీళ్లు బాగా చల్లనైతే మాత్రం గడ్డకట్టకుండా మూసిన రకం తీసుకోండి, లేకపోతే ప్రధాన రెగ్యులేటర్ ఫ్రీఫ్లో అయ్యిందని (ఆగకుండా గాలి ఊదేస్తోందని) దీనికి మారితే ఇదీ ఫ్రీఫ్లో అవుతుంది. సెకండ్ స్టేజ్‌ను (నోట్లో పెట్టుకునే భాగాన్ని) కాస్త బిగువుగా సర్దించండి, ప్రవాహానికి ఎదురీదేటప్పుడు దానంతట అది ఊదదు. పోర్టులు మూడో నాలుగో ఉంటాయి, వాడేవి రెండే: నోటికి ఒక గొట్టం, గేజ్‌కు ఒకటి. మిగతా వాటికి ప్లగ్గులు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి.

గేజ్ విషయంలో బొత్తాం అంత చిన్నవి వస్తాయి, సూటిగా పోర్టులో బిగించేవి. నీళ్లలో చదవలేరు. 15 సెంటీమీటర్ల గొట్టం చివర చిన్న గేజ్ పెట్టి, ముఖం పైకి తిరిగి ఉండేలా వంచి కట్టండి.

వాల్వు తెరిచే ఉంచాలి.

కొక్కెం
ఇదిగో, ఇక్కడ నేను ఒప్పుకోను. తెరిచి ఉంచితే సెకండ్ స్టేజ్ ఎక్కడో తగిలి ఊదుతుంటుంది, ప్రవాహంలో తెలియదు. అవసరం వచ్చేసరికి 840 లీటర్లలో 200 మిగులుతాయి. తెరిచి గొట్టం నింపి, మూసెయ్యాలి. ఎడమ చేతికి వాల్వు అందుతుంది కదా, అందుకేగా పక్కన కట్టింది.

ఓరింగు శాస్త్రి
కొక్కెం గారూ, డీకో స్టేజ్ సిలిండరుకు (పైకి వస్తూ తప్పనిసరిగా ఆగేచోట పీల్చడానికి తీసుకెళ్లేదానికి) మీ పద్ధతి సరే, అక్కడ మార్చుకోవడానికి తీరిక ఉంటుంది. ఇక్కడ ఊపిరి వదిలాక గాలి రాలేదని తెలిసిన మనిషి గురించి మాట్లాడుతున్నాం. ముందు పోనీ నోట్లో పెట్టుకుంటాడు, గొట్టంలోది కాస్త వస్తుంది, ఆగిపోతుంది. అప్పుడు వాల్వు వెతుక్కోవాలి. పైగా మూసి ఉన్నప్పుడు గేజ్ చూపేది సిలిండరులోని పీడనం కాదు, గొట్టంలో చిక్కుకున్న పీడనం. సిలిండరు ఖాళీ అయినా ముల్లు 200 మీద నిలబడి ఉంటుంది.

కొక్కెం
గేజ్ సంగతి ఒప్పుకుంటాను. అయినా కారడం సమస్యే.

ఓరింగు శాస్త్రి
కారితే కనబడాలి, అందుకే సెకండ్ స్టేజ్‌ను ఎక్కడో తొడ దగ్గర కాకుండా గడ్డం కింద రబ్బరు దండలో ఉంచాలి. అక్కడ బుడగ వస్తే చెవికి వినబడుతుంది. గొట్టం మీటరు పొడవుంటే మెడ వెనక నుంచి తిరిగి కుడి పక్కకు వస్తుంది.

మూసే ఉంచుతానంటే మాత్రం గొట్టం నింపకుండా దిగకండి. పీడనం లేని సెకండ్ స్టేజ్‌లోంచి లోతులో నీళ్లు లోపలికి పోతాయి, ఫస్ట్ స్టేజ్ దాకా వెళ్తాయి.

లోతుకొలత
దండ విషయంలో ఒక మినహాయింపు. పొడవాటి గొట్టం ఉన్న ప్రధాన రెగ్యులేటర్‌నే బడ్డీకి ఇచ్చి, తాము గడ్డం కింది సెకండ్ స్టేజ్‌కు మారే పద్ధతి పాటించేవాళ్లకు అక్కడ ఇప్పటికే ఒకటి ఉంటుంది. రెండు వేలాడదీస్తే చీకట్లో ఏది ఏదో తెలియదు. వాళ్లు పోనీ గొట్టాన్ని సిలిండరుకే రబ్బరు పట్టీల కింద మడిచి పెట్టుకోవాలి. నీలిగవ్వ గారిది మామూలు ఆక్టోపస్ కాబట్టి దండలో పోనీ, కుడి పక్కన పసుపు ఆక్టోపస్. గందరగోళం ఉండదు.

తెడ్డు
గందరగోళం ఉంటుంది, ఉందనే అనుకోవాలి. పోనీతో జరిగే అతి చెడ్డ పొరపాటు ఏమిటంటే, పడవ మీంచి దూకేటప్పుడు పోనీ సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని దాంతోనే దిగడం. ప్రధాన గేజ్ ఎంతసేపు చూసినా 200 చూపిస్తుంటుంది, "ఈరోజు గాలి భలే ఆదా అవుతోంది" అనుకుంటారు. పది నిమిషాల తర్వాత 25 మీటర్ల దగ్గర శ్వాస ఆగుతుంది. ప్రధాన సిలిండరు నిండుగానే ఉంటుంది, కానీ గాలి అయిపోయిందనుకున్న మనిషి ఆ కంగారులో పైకి పరిగెడతాడు.

అందుకని పోనీ సెకండ్ స్టేజ్ రంగు వేరు, నోటి ముక్క ఆకారం కూడా వేరు ఉండాలి, నాలుకకు తెలిసేలా. దూకేముందు ప్రధాన రెగ్యులేటర్ నుంచి నాలుగు శ్వాసలు, ప్రధాన గేజ్ మీద కన్ను. తర్వాత పోనీ నుంచి రెండు శ్వాసలు, పోనీ గేజ్ మీద కన్ను. పీల్చినప్పుడల్లా ముల్లు కిందకు దూకి మళ్లీ లేస్తే వాల్వు పూర్తిగా తెరుచుకోలేదు.

బుడగరాయి
నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) వాడేవాళ్లు పోనీలో ఏం నింపాలి?

లోతుకొలత
వెనక ఏముందో అదే, లేదా మామూలు గాలి. 32 శాతంతో డైవ్ చేసి చివరి ఐదారు నిమిషాలు గాలి పీల్చితే పెద్ద తేడా రాదు, కుదిరితే సేఫ్టీ స్టాప్ కాస్త పొడిగించండి. ప్రమాదం తిరగేసి ఉంటుంది. పాత డైవులోది 40 శాతం మిశ్రమం పోనీలో ఉండిపోయి, ఈరోజు 30 మీటర్లకు దిగితే? 1.4 బార్ ఆక్సిజన్ హద్దుకు (అది దాటితే ఆక్సిజనే విషమయ్యే ముప్పు) 40 శాతం లోతు 25 మీటర్లే. 32 శాతానికి 33, 36కు 28. నింపినప్పుడల్లా విశ్లేషించి, శాతం, గరిష్ఠ లోతు, తేదీ టేపు మీద రాసి మెడకు అంటించండి.

ఓరింగు శాస్త్రి
నింపడం మాట వచ్చింది కాబట్టి: పెద్ద సిలిండరులోంచి గొట్టంతో పోనీలోకి బదిలీ చేసుకోవచ్చు, కానీ అది నిండదు. 11.1 లీటర్లు 200 బార్‌లో ఉండి, 2.7 లీటర్లది 50లో ఉంటే రెండూ 170 దగ్గర సమానమవుతాయి. మీ 4.2 లీటర్లదైతే 159. గబగబా వదిలితే వేడెక్కి గేజ్ ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక 10 నుంచి 15 బార్ పడిపోతుంది. నిమిషాల మీద నెమ్మదిగా వదలండి. మధ్య గొట్టం, గేజ్, బ్లీడ్ స్క్రూ (గొట్టంలో మిగిలిన గాలి వదిలే మర) ఆ పీడనానికి తగ్గవే ఉండాలి. నైట్రాక్స్ బదిలీకి ఆక్సిజన్‌కు పనికొచ్చే శుభ్రత కావాలా అన్నది నింపే కేంద్రాన్ని అడగండి, 40 శాతం దాటితే ఆ ప్రశ్నే అక్కర్లేదు, కావాలి.

ఏడాదికోసారి లోపలి తనిఖీ ప్రధాన సిలిండరుకు చేయించినట్టే దీనికీ చేయించాలి. ఏడాదంతా వాడని సిలిండరు బాగుంటుందని ఎవరూ అనుకోకూడదు, వాడని రెగ్యులేటర్‌కే సీటు అతుక్కుపోతుంది.

నీలిగవ్వ
విమానంలో తీసుకెళ్లడం?

కొక్కెం
వాల్వు పూర్తిగా విప్పి, లోపల ఖాళీ అని కనబడేలా ఉంటేనే తీసుకుంటారు, అదీ సంస్థను బట్టి. స్పేర్ ఎయిర్‌కూ ఇదే గొడవ. విప్పిన వాల్వును అక్కడ మళ్లీ బిగించేటప్పుడు మెడ ఓ-రింగు కొత్తది వేయాలి, లోపల తనిఖీ అడుగుతారు. రెగ్యులేటర్, బిగింపు పట్టీ, స్నాపులు మాత్రం పెట్టెలో పెట్టుకుని సిలిండరు అక్కడే అద్దెకు తీసుకోవడం తేలిక. 30 లేదా 40 క్యూబిక్ అడుగులవి టెక్నికల్ డైవింగు నేర్పేచోట దొరుకుతాయి.

సుడిగాలి
సాధన గురించి ఎవరూ చెప్పలేదు, కాబట్టి పోనీ అంటే గిట్టని నేనే చెబుతాను. ప్రతి డైవులో సేఫ్టీ స్టాప్ దగ్గర ఒక నిమిషం పోనీ మీద పీల్చండి. మారేటప్పుడు కళ్లు మూసుకోండి. ఊపిరి పూర్తిగా వదిలాక మారండి, ఎందుకంటే నిజంగా జరిగినప్పుడు ఛాతీలో గాలి ఉండదు, నీళ్లు ఊదడానికి కూడా. అందుకే పర్జ్ బొత్తాం నొక్కి నీళ్లు వదిలించడం చేతికి అలవాటు కావాలి, నాలుక అడ్డం పెట్టి. నిమిషానికి 40 లీటర్లు ఖర్చయినా పర్వాలేదు, తిరిగి నింపుకోవచ్చు.

ఇంకోటి. గాలి ఆగినా ప్రధాన రెగ్యులేటర్‌ను పారేసినట్టు వదలకండి. 30 మీటర్ల దగ్గర మూగబోయిన 11.1 లీటర్ల సిలిండరులో, పైకి వస్తున్నకొద్దీ పీడనం తగ్గి ఇంకో 33 లీటర్లు బయటికి వస్తాయి. కొన్ని శ్వాసలు. పోనీ ఉన్నవాడికి అక్కర్లేదు, లేనివాడికి అదే దిక్కు.

నీలిగవ్వ
అందరికీ ధన్యవాదాలు. 30 క్యూబిక్ అడుగులది, ఎడమ పక్కన, వాల్వు తెరిచి, దండలో సెకండ్ స్టేజ్. పైకి తిరిగే పీడనం 30 మీటర్లకు 95, 18కి 65 అని స్లేటు మీద రాసుకున్నాను. ఒక్కటే మిగిలింది. గొట్టం మీటరు చాలా, ఇంకా పొడవు కావాలా?

ఓరింగు శాస్త్రి
బీసీడీ (గాలి నింపుకునే డైవింగు జాకెట్) తొడుక్కుని, సిలిండరు తగిలించి, అద్దం ముందు నిలబడి తలను రెండు పక్కలకూ తిప్పండి. నోట్లోంచి లాగినట్టు అనిపిస్తే 110 సెంటీమీటర్లది తీసుకోండి. సన్నగా ఉన్నవాళ్లకు 90 కూడా సరిపోతుంది, మిగిలిన గొట్టం చెవి పక్కన ఉచ్చులా నిలబడటం కంటే అదే మేలు. అల్లిన గొట్టమైతే మెత్తగా వంగుతుంది, మెడ చుట్టూ తిప్పడానికి రబ్బరుదాని కంటే హాయి.

కొక్కెం
వాల్వు మూసే అలవాటుకు వస్తే చెప్పండి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.